అమ్మ భుజమే కొలబద్ద

డిజైన్ అన్న మాట వినగానే చాలామందికి గుర్తొచ్చేది చీర అంచో, గోడమీది రంగో, కొత్తగా వచ్చిన కారో. ‘బాగుంది’, ‘బాగాలేదు’.. ఈ రెండు మాటలతో తీర్పు చెప్పేస్తాం. నిజానికి అందం అన్నది చివర్లో వచ్చే సంగతి. అసలు పని అంతకు చాలా ముందు, కాగితంమీద ఒక్క గీతైనా పడకముందే మొదలవుతుంది. అదెలాగో తెలియాలంటే ఓసారి ఉప్పల్ చౌరస్తాలో నిలబడి నాలుగు వైపులా చూస్తే చాలు.

నాగోలు నుంచి వచ్చేవాళ్లు, రామంతాపూర్ వైపు పోయేవాళ్లు, వరంగల్ బస్సుకోసం పరుగెత్తేవాళ్లు, యాదగిరిగుట్టకు వెళ్లే భక్తులు, పక్కనున్న పారిశ్రామికవాడలో డ్యూటీ దిగినవాళ్లు.. అందరూ కలిసేది అక్కడే. 2017 నవంబరులో మెట్రో మొదలయ్యాక ఆ జనానికి రైలు దిగినవాళ్లు కూడా తోడయ్యారు. ఒక చేత్తో సంచీ, మరో చేత్తో పిల్లాణ్ని పట్టుకుని రోడ్డు దాటడమంటే అక్కడ చిన్న సాహసమే. 2023 జూన్ 26న ఆ కూడలి చుట్టూ నడకదారి ప్రారంభమైంది. హెచ్ఎండీఏ కట్టిన ఈ స్కైవాక్ పొడవు దాదాపు 660 మీటర్లు. కిందికి దిగకుండానే మెట్రో స్టేషన్‌లోకి వెళ్లొచ్చు. మెట్లు ఎక్కలేనివాళ్లకు లిఫ్టులున్నాయి, ఎస్కలేటర్లున్నాయి.

ఇలాంటిదాన్ని గీయడానికి కూర్చున్నవాళ్ల ముందు ఎన్నో ప్రశ్నలుంటాయి. ఎవరు ఎక్కణ్నుంచి వస్తున్నారు? ఎటు పోవాలి? చేతిలో ఎంత బరువుంది? మోకాళ్లు ఎలా ఉన్నాయి? ఎన్ని మెట్లుంటే ఎక్కుతారు, ఎన్నుంటే విసుక్కుని కిందనుంచే దాటేస్తారు? వీటికి జవాబు దొరక్కుండా వంతెన ఎంత అందంగా కట్టినా జనం దానికింద నుంచే పోతారు. నగరంలో అలా వెలవెలబోయిన పాదచారుల వంతెనలు మనకు కొత్త కాదు. వాటిలో చాలావాటికి బలం తక్కువై కాదు ఆ గతి పట్టింది. కట్టేముందు నడిచేవాణ్ని ఎవరూ సరిగ్గా చూడకపోవడం వల్ల.

నాచారంలో ఇంకో పాఠం

చూడటం ఒక సగం. చేయడం రెండో సగం. అది తెలుసుకోవాలంటే ఉప్పల్ నుంచి కాస్త ఉత్తరంగా నాచారం పారిశ్రామికవాడ దాకా వెళ్లాలి. పెద్ద ఫ్యాక్టరీల సంగతి పక్కన పెడదాం. ఇలాంటి వాడల్లో చిన్న షెడ్డు, రెండు లేత్ మిషన్లు, ఒక డ్రిల్లింగ్ మిషన్, నేలనిండా మెలికలు తిరిగిన ఇనుప రజనుతో ఉండే వర్క్‌షాపుల్ని చూడండి. ఫలానా భాగం చేసిపెట్టమని వెళితే టర్నర్ మొదట అడిగేది ‘డ్రాయింగ్ ఉందా, శాంపిల్ ఉందా?’ అని. కాగితంమీద కొలతలున్నా సరే, అరిగిపోయిన పాత ముక్క తెచ్చినా సరే, చేసిస్తాడు.

కానీ రెండూ లేకపోతే? ‘ఇదిగో, ఇలా తిరిగి, ఇక్కడ ఆగి, మళ్లీ ఇటు జరగాలి’ అని గాల్లో చెయ్యి తిప్పి చూపించేవాడు వస్తే? టర్నర్ ఎంత పనిమంతుడైనా చేయగలిగిందేమీ ఉండదు. అలాంటి వస్తువు లోకంలో ఇంకా పుట్టలేదు కాబట్టి శాంపిల్ ఉండదు. గీయడం రాని మనిషి కాబట్టి డ్రాయింగ్ ఉండదు. ఉన్నదల్లా మనసులో ఒక కదలిక. దాన్ని ఇనుములోకి, చెక్కలోకి దింపడమే డిజైనర్ పని. ఆ పనిలో పడి ఏడేళ్లు నలిగిన ఒకాయన కథ మన పక్కనే ఉంది. ఉప్పల్‌లో వరంగల్ రోడ్డెక్కి ఘట్‌కేసర్, బీబీనగర్, భువనగిరి దాటితే వచ్చే ఆలేరు ప్రాంతానిది. ఆయన పేరు చింతకింది మల్లేశం. ఊరు శారాజీపేట. ఆరో తరగతితో చదువు ఆపేసి మగ్గం ఎక్కిన నేత కుటుంబపు బిడ్డ.

రెండు సెకన్లకో విసురు

మల్లేశం ఏం చేశారో అర్థం కావాలంటే ముందు పోచంపల్లి చీర ఎలా పుడుతుందో తెలియాలి. ఆ చీరమీది పువ్వు, చిలక, ఏనుగు నేశాక అద్దినవి కావు. నేయకముందే దారంలో ఉంటాయి. దారాన్ని కొలత ప్రకారం పేర్చి, గళ్ల కాగితంమీది డిజైన్ చూసుకుంటూ గుర్తులు పెడతారు. రంగు అంటకూడని చోట సైకిల్ ట్యూబు రబ్బరుతో బిగించి కట్టి రంగులో ముంచుతారు. కట్టు విప్పితే ఆ మేరకు పాత రంగే ఉంటుంది. ఇంకో రంగు కావాలంటే మళ్లీ కట్టాలి, మళ్లీ ముంచాలి. దీన్నే చిటికి కట్టడం అంటారు. ఆ దారాన్ని వరస తప్పకుండా కండెలకు చుట్టి మగ్గంమీద నేస్తుంటే పోగు పక్కన పోగు పడి పువ్వు విచ్చుకుంటుంది. ఒక్క పోగు వరస తప్పినా చిలక ముక్కు చెదిరిపోతుంది.

ఇందులో పేక దారాన్ని కట్టడానికి వీలుగా పేర్చే పనే ఆసు పోయడం. అర్ధచంద్రాకారంలో మేకులున్న చట్రం ఒకటి ఉంటుంది. వాటికి ఎదురుగా ఒక మేకు. ఆ ఒక్క మేకు దగ్గర నుంచి దారాన్ని తీసుకెళ్లి ఎదుటి మేకుకు చుట్టాలి, వెనక్కి తేవాలి. లెక్క ప్రకారం ఒక మేకు నిండాక పక్క మేకుకు జరగాలి. మళ్లీ చుట్టాలి. ఒక చీరకు ఇలా దాదాపు 9 వేల సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడాలి. అందుకు పట్టే సమయం నాలుగైదు గంటలు. ఐదు గంటలంటే 18 వేల సెకన్లు. అంటే రెండు సెకన్లకో విసురన్నమాట. రోజుకు రెండు చీరలకు ఆసు పోస్తే 18 వేల విసుర్లు!

మగ్గంమీద కూర్చునేది చాలా ఇళ్లలో ఇంటాయన. ఆసు పోసేది ఇంటావిడ. చీర అమ్ముడుపోయాక మెచ్చుకోలు డిజైన్‌కు వస్తుంది, నేతకు వస్తుంది. ఆసు పోసిన చేతికి మాత్రం భుజం నొప్పి మిగులుతుంది. మల్లేశం తల్లి లక్ష్మి ఏళ్ల తరబడి ఆ పని చేశారు. భుజం, మోచెయ్యి పట్టేసి ఇక తనవల్ల కాదన్నారు. ఆసు ఆగితే మగ్గం ఆగుతుంది. మగ్గం ఆగితే పొయ్యి ఆగుతుంది. ఈ మూడూ ఒకదానికొకటి ముడిపడి ఉన్న ఇంట్లో, 1992లో, మల్లేశం ఆసు పోసే యంత్రం చేయడానికి పూనుకున్నారు.

ఒక్కొక్క కదలికా..

ఆయన దగ్గర యంత్రాల చదువు లేదు. డబ్బు లేదు. చూసి చేయడానికి అలాంటి యంత్రం ఎక్కడా లేదు. ఉన్నదల్లా చిన్నప్పట్నుంచీ కళ్లముందు ఆడుతున్న అమ్మ చెయ్యి. అదే ఆయన డ్రాయింగ్, అదే ఆయన శాంపిల్.

ఆ చేతిని కాస్త నిదానంగా చూడండి. చూసేవాళ్లకు అది ఒకే పని. విడదీస్తే అందులో నాలుగైదు పనులు దాగున్నాయి. దారం ముందుకు పోవాలి. మేకు చుట్టూ తిరగాలి. వెనక్కి రావాలి. ఎన్ని చుట్లయ్యాయో లెక్క ఉండాలి. లెక్క పూర్తవగానే పక్క మేకుకు జరగాలి. ఇవన్నీ జరుగుతున్నంతసేపూ దారం మరీ బిగుసుకోకూడదు, మరీ వదులవ్వకూడదు. అమ్మ చేతికి ఇవేవీ విడివిడిగా తెలియవు. అలవాటైపోయింది. వంట చేసేటప్పుడు ఉప్పెంత వేశావని అడిగితే ‘వేసినంత’ అంటారే, అలాంటిదే ఇదీ. యంత్రానికి ఆ అలవాటు ఉండదు. ప్రతిదీ దానికి విడిగా చెప్పాలి.

మల్లేశం చేసింది అదే. మొత్తం యంత్రాన్ని ఒకేసారి తయారుచేయాలనుకోలేదు. ఆ స్తోమతా లేదు. చేతిలో కాస్త డబ్బు ఆడినప్పుడు ఒక భాగం చేసుకోవడం, అమర్చి చూడటం, కుదరకపోతే మార్చడం, కుదిరితే తర్వాతిదాని గురించి ఆలోచించడం. యంత్రాల గురించిన పుస్తకాలు సంపాదించి చదువుకున్నారు. చెక్కతో చట్రం కట్టారు, మోటారు బిగించారు. పెద్ద సంస్థల్లో డిజైన్ విభాగాలు కూడా సమస్యను ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు నమూనా కట్టి పరీక్షించి చూస్తాయి. శారాజీపేటలో ఆ పద్ధతిని ఎవరూ నేర్పలేదు. జేబు నేర్పింది.

అయితే ఈ పద్ధతికో కష్టముంది. సగం తయారైన యంత్రం బయటివాళ్ల కంటికి చెత్తకుప్పలాగే కనబడుతుంది. ఇల్లు గడవడమే కష్టమైనచోట డబ్బంతా చెక్కలమీద, ఇనుప ముక్కలమీద పోస్తుంటే చుట్టాలు, ఇరుగుపొరుగు ఊరుకోరు కదా. ఎగతాళి చేశారు. పిచ్చి పట్టిందన్నారు. అప్పులు పెరిగాయి. 1997 నాటికి యంత్రంలో చాలా భాగం సిద్ధమైంది. ఒక్క కదలిక దగ్గర మాత్రం ఆగిపోయింది. ఎంత ఆలోచించినా అది కుదరలేదు. ‘ఇంకొక్కటే’ అని ఎవరికి చెప్పుకోవాలి? ఐదేళ్లుగా వింటున్నవాళ్లకు ఆ మాటమీద నమ్మకం ఎందుకుంటుంది?

చివరికి ఆయన పని ఆపేశారు. బతుకుతెరువు కోసం హైదరాబాద్ వచ్చి కరెంటు పనులు చూసుకున్నారు.

బాలానగర్‌లో దొరికిన జవాబు

ఇక్కడితో కథ ముగిసిపోయి ఉండాల్సింది. అలా ముగిసిన కథలు ఎన్నో ఉంటాయి, మనకు తెలియవంతే. కానీ పని ఆపినంత మాత్రాన ప్రశ్న ఆగదు. 1999 ఫిబ్రవరిలో బాలానగర్‌లో ఒకచోట పనికి వెళ్లినప్పుడు అక్కడ నడుస్తున్న ఒక యంత్రం ఆయన కంటపడింది. దానికీ ఆసుకూ ఏ సంబంధమూ లేదు. కానీ అందులో ఒక భాగం కదులుతున్న తీరు ఆయన రెండేళ్లుగా వెతుకుతున్నదే. చేతిలో పని వదిలేసి, దగ్గర్లోని వర్క్‌షాపులో అలాంటి భాగం చేయించుకుని ఊరికి తీసుకెళ్లి తన యంత్రానికి అమర్చారు. ఆసు యంత్రం నడిచింది.

ఈ ఘట్టాన్ని అదృష్టం అనేయడం తేలిక. అదే షెడ్డులో ఆ యంత్రాన్ని రోజూ చూసేవాళ్లు ఎంతోమంది ఉండి ఉంటారు. వాళ్లకది మామూలు యంత్రం. మల్లేశానికి మాత్రమే అది జవాబులా కనిపించింది. ఎందుకంటే ఆయన దగ్గర అప్పటికే ప్రశ్న ఉంది. అదీ గజిబిజి ప్రశ్న కాదు. పనిని ముక్కలుగా విడదీసి, మిగతావన్నీ పూర్తిచేసి, ‘ఈ ఒక్క కదలిక మాత్రం కావాలి’ అని తేల్చుకున్న ప్రశ్న. ‘ఆసు యంత్రం ఎలా చేయాలి’ అన్నంత పెద్ద ప్రశ్నతో బాలానగర్ అంతా తిరిగినా ఏమీ దొరికేది కాదు. ఏడేళ్ల శ్రమ ఆ ప్రశ్నను అంత చిన్నది చేసింది.

యంత్రం తిరిగితే సరిపోదు

యంత్రం తిరగడం ఒక ఎత్తు, ఊరు ఒప్పుకోవడం ఇంకో ఎత్తు. చేత్తో పోసిన ఆసులో ఎన్నో ఏళ్ల నైపుణ్యం ఉంటుంది. యంత్రం పోసిన దారంతో నేస్తే చీర ఎలా వస్తుందోనన్న అనుమానం నేతగాళ్లకు రావడం సహజం. వరస తప్పితే పోయేది ఒక్క పోగు కాదు, పట్టు చీర మొత్తం. అందుకే ఆ దారాన్ని మగ్గమెక్కించి నేసి చూశారు. నాణ్యత తగ్గలేదని తేలాక మిగతావాళ్లూ అడగడం మొదలుపెట్టారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. చెయ్యి ఆడించాల్సిన అవసరం లేదు. దారం తెగితే ముడివేయడానికి, అయిపోతే మార్చడానికి మనిషి పక్కనుంటే చాలు. తల్లి పేరే పెట్టి దాన్ని లక్ష్మీ ఆసు యంత్రమన్నారు.

అక్కడితోనూ ఆగలేదు. తర్వాతి ఏళ్లలో చెక్క పోయి ఇనుము వచ్చింది. లెక్క చూసుకునే యాంత్రిక భాగాల స్థానంలో ఎలక్ట్రానిక్ నియంత్రణ వచ్చింది. వాడేవాళ్లు చెప్పే ఇబ్బందులే తర్వాతి మార్పులకు దారి చూపించాయి. పల్లెసృజన సంస్థ ద్వారా ఈ యంత్రం సంగతి బయటి ప్రపంచానికి తెలిసింది. 2009లో నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ పురస్కారం, 2017లో పద్మశ్రీ వచ్చాయి. 2019లో ప్రియదర్శి నటించిన ‘మల్లేశం’ సినిమాతో ఆ పేరు ఇంటింటికీ చేరింది.

ఇందులో చాలామంది గమనించని ఒక తెలివైన నిర్ణయముంది. ఈ యంత్రం చీర నేయదు. రంగు అద్దదు. చిటికి కట్టదు. డిజైన్ గీయదు. మనిషి మనసుపెట్టి చేసే పనుల జోలికి పోకుండా, మనిషిని అరగదీసే ఒక్క పనినే తన నెత్తిన వేసుకుంది. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది చేతిపని వల్లే. ఆ చేతిపనికి ఏ హానీ చేయకుండా చేతి నొప్పిని మాత్రం తీసేయడం ఎలా? ఏది యంత్రానికి ఇవ్వాలి, ఏది మనిషికి వదిలేయాలి అన్న విభజన సరిగ్గా కుదిరినచోట యంత్రం చేనేతకు శత్రువు కాలేదు, చెల్లెలైంది.

దీనితో చేనేత కష్టాలన్నీ తీరిపోయాయని కాదు. నూలు ధర, పట్టు ధర, మధ్యవర్తుల లెక్కలు, ఇక్కత్ డిజైన్లను బట్టమీద అచ్చుగుద్ది తక్కువ ధరకు అమ్మేసే పోటీ.. వీటిని ఏ ఆసు యంత్రమూ పరిష్కరించలేదు. కొత్త యంత్రం కొనడానికి చేతిలో డబ్బుండాలి కూడా. కానీ యంత్రం ఉన్న ఇంట్లో రోజుకు ఐదారు చీరలకు ఆసు పోయొచ్చు. సొంత మగ్గానికి పోగా మిగిలింది ఇతరులకు పోసిస్తే నాలుగు రూపాయలు వస్తాయి. ఇదివరకు కూలి లెక్కలోకే రాని ఆడవాళ్ల పని ఒక ఆదాయంగా మారింది. ఒక డిజైన్ సాధించిన ఫలితంగా ఇది తక్కువేమీ కాదు.

చెంబు చెప్పిన పాఠం

ఇలా మనిషిని చూసి మొదలుపెట్టడం ఒక్క మల్లేశం దారే కాదు. 1958లో భారత ప్రభుత్వం కోరికమీద అమెరికన్ డిజైనర్ దంపతులు చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ మన దేశమంతా తిరిగి ఒక నివేదిక ఇచ్చారు. అహ్మదాబాద్‌లో 1961లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ ఏర్పడటానికి పునాది అదే. దేశంలో తాము చూసిన వస్తువుల్లో ఆ దంపతులు అన్నిటికన్నా ఎక్కువగా మెచ్చుకున్నది తాజ్‌మహల్ లాంటిదాన్నో, రాజుల సింహాసనాన్నో అనుకుంటాం. వాళ్లు మెచ్చింది లోటాని. అంటే మనింట్లో చెంబుని! ఎంత నీళ్లు పట్టాలి, నిండాక బరువెంత, చంకలో పెట్టుకుంటే ఎలా కుదురుతుంది, వంచితే ధార ఎలా పడుతుంది, లోపల తోమడానికి చెయ్యి పడుతుందా.. ఇవన్నీ లెక్కలోకి తీసుకుని తరతరాలుగా ఎందరి చేతుల్లోనో దిద్దుకున్న రూపమది. ఏ ఒక్కరూ దాన్ని డిజైన్ చేయలేదు. వాడినవాళ్లంతా కలిసి చేశారు.

అమెరికాలోనే ఇంకో ఉదాహరణ ఉంది. శామ్ ఫార్బర్ అనే వ్యాపారి భార్యకు కీళ్లనొప్పులు. ఆపిల్ తొక్క తీస్తుంటే సన్నటి ఇనుప పిడి చేతికి గుచ్చుకుని ఆమె పడే అవస్థ ఆయన చూశారు. లావుగా, మెత్తగా, తడిచేత్తో పట్టినా జారని రబ్బరు పిడితో తొక్క తీసే పరికరాన్ని డిజైనర్లతో చేయించి, 1990లో ఆక్సో పేరుతో మార్కెట్లోకి తెచ్చారు. నొప్పి ఉన్నవాళ్లకోసం చేసింది లేనివాళ్లకూ హాయిగా అనిపించింది. ఆ పిడి ప్రపంచమంతా పాకింది. అక్కడ ఆపిల్ తొక్క తీసే భార్య, ఇక్కడ ఆసు పోసే తల్లి. దేశాలు వేరు, డబ్బు వేరు, చదువు వేరు. మొదలైన చోటు ఒకటే.. దగ్గరివాళ్ల చేతి నొప్పి.

తేడా ఒక్కటే. ఫార్బర్ వెనక వంటసామాన్ల వ్యాపారంలో ఏళ్ల అనుభవం ఉంది, ఖర్చు పెట్టగల స్తోమత ఉంది. మల్లేశం వెనక అప్పు తప్ప ఏమీ లేదు. మన దగ్గర ఇలాంటివాళ్లకు కావాల్సింది పురస్కారం కాదు, అది చివర్లో వస్తుంది. మధ్యలో, ఆ ‘ఇంకొక్కటే’ దగ్గర ఆగిపోయినప్పుడు, ఒక టర్నర్ పక్కన కూర్చోబెట్టి చెయ్యి తిప్పి చూపించమనేవాళ్లు కావాలి. నాచారంలో, ఉప్పల్‌లో, బాలానగర్‌లో అలాంటి పనిమంతుల చేతులకు కొదవలేదు. ఆలేరులో ప్రశ్న ఉంది, పట్నంలో పనిముట్టు ఉంది. రెంటి మధ్యా దారి ఉండి ఉంటే ఏడేళ్లు పట్టేదా అన్నదే ఆలోచించాల్సిన విషయం.

ఇంట్లోనే మొదలు

ఇప్పుడు డిజైన్ కోర్సులకు గిరాకీ పెరిగింది. ఎన్ఐడీ, నిఫ్ట్ ప్రవేశపరీక్షల గురించి ఇంటర్ పిల్లలు మాట్లాడుకుంటున్నారు. ‘మావాడు బొమ్మలు బాగా వేస్తాడు, డిజైన్ చదివిద్దామనుకుంటున్నాం’ అనే తల్లిదండ్రులూ ఎక్కువయ్యారు. బొమ్మలు వేయడం మంచిదే, పనికొస్తుంది. కానీ అంతకుముందు గమనించాల్సినవి మరికొన్ని ఉన్నాయి.

ఇల్లు తుడిచేటప్పుడు పనమ్మాయి నడుం ఎన్నిసార్లు వంగుతోందో మీ అబ్బాయి ఎప్పుడైనా లెక్కపెట్టాడా? నానమ్మ మాత్రల డబ్బా మూత తీయలేక ప్రతిసారీ ఎవరినో ఒకర్ని పిలుస్తున్న సంగతి మీ అమ్మాయికి తెలుసా? పైఅరలో పెట్టిన డబ్బా కోసం అమ్మ రోజూ స్టూలెక్కుతుంటే, డబ్బాని కింద పెట్టొచ్చు కదా అని ఎవరికైనా తోచిందా? నొప్పి అలవాటైపోయినవాళ్లు దాన్ని చెప్పరు. లక్ష్మిగారు కూడా ఇక చెయ్యి ఎత్తలేని స్థితి వచ్చేదాకా ఆసు పోస్తూనే ఉన్నారు. వాళ్లు చెప్పకముందే చూడగలగడం డిజైనర్‌కు కావాల్సిన మొదటి చదువు. చూసింది విడదీసుకోవడం రెండోది. ఒక్కో ముక్కనే చేసి, వాడేవాళ్ల చేతికిచ్చి, వాళ్లు కాదంటే మళ్లీ మొదలుపెట్టే ఓపిక మూడోది. ఈ మూడింటికీ కాలేజీ సీటు అక్కర్లేదు.

ఇంట్లో ఎవరి చెయ్యి ఎక్కువగా నొప్పెడుతోందో కనిపెట్టే పిల్లలైతే, బొమ్మలు తర్వాతైనా నేర్చుకోవచ్చు.